దీపానికి వచ్చే గడ్డి శలభాలు

వానాకాలంలో వరినాట్లు ముగిసి చేలు పచ్చబడగానే రాత్రివేళ దీపాలకు పురుగుల తాకిడి ఎక్కువవుతుంది. వసారాలో దీపం చుట్టూ చేరే ఈ పురుగులన్నిటినీ కలిపి పల్లెలలో దీపపు పురుగులు అంటారు. వాటిలో దోమలున్నవి, పెంకుపురుగులున్నవి, ఉసిళ్లున్నవి. ఇవిగాక గడ్డిరంగుగానో, గోధుమరంగుగానో, తెల్లగానో ఉండి, రెక్కలు విప్పితే అరంగుళం నుంచి అంగుళంన్నర వరకు ఉండే సన్నని పురుగులు కొన్ని గోడను అంటిపెట్టుకొని కదలక కూర్చుంటవి. ఇవే గడ్డి శలభాలు. తెల్లవారి చీపురుతో ఊడ్చి పారవేసే ఈ పురుగులలో ఒకటి వరి రైతుకు మిక్కిలి పెద్ద శత్రువు. దాని పక్కనే ఇంచుమించు అదే పరిమాణంలో కూర్చున్న మరొకటి గట్టుమీది గడ్డి తిని బ్రతికే అమాయకపు ప్రాణి కావచ్చు. ఈ రెండింటికి గల భేదం తెలిస్తే రైతుకు వారం రోజుల ముందుగా హెచ్చరిక అందినట్లే. తెలియకపోతే అక్కరలేని మందు చల్లి డబ్బు పోగొట్టుకొనటమో, కావలసినప్పుడు ఊరుకొని పంట పోగొట్టుకొనటమో జరుగుతుంది.

గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల పోయే దారిలో ఉన్న చేబ్రోలు ఇటువంటి పరిశీలనకు తగిన చోటు. ఊరికి తూర్పున తెనాలి, దానికి ఆవల రేపల్లె, దక్షిణాన బాపట్ల. కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలు పారే ఈ నేలలో వానాకాలపు పైరు వరి. వరి కోయటానికి కొద్ది రోజుల ముందే ఆ తడిలో మినుము చల్లుతారు. మరికొన్ని చేలలో కోత అయిన తరువాత దుక్కి లేకుండానే మొక్కజొన్న, జొన్న వేస్తారు. కృష్ణ ఒడ్డువైపు పోతే అక్కడక్కడ చెరకు కనపడుతుంది. వరి, జొన్న, మొక్కజొన్న, చెరకు ఇవన్నీ వృక్షశాస్త్ర రీత్యా గడ్డి కుటుంబానికి చెందినవే. కనుక గడ్డిని నమ్ముకొన్న శలభాలకు ఇక్కడ ఏడాది పొడుగునా ఆహారానికి లోటు లేదు.

గడ్డి శలభాలంటే ఏవి?

సీతాకోకచిలుకలు, శలభాలు ఒకే వర్గానికి చెందిన కీటకాలు. వీటి రెక్కలను సన్నని పొలుసులు కప్పి ఉంటవి. వేలితో తాకితే పొడివలె అంటుకొనేవి ఆ పొలుసులే. సీతాకోకచిలుకలు చాలవరకు పగలు తిరుగుతవి. శలభాలలో అత్యధిక భాగం రాత్రి తిరుగుతవి. వ్యవసాయశాఖవారు రెక్కల పురుగు అన్నా, రైతులు తల్లిపురుగు అన్నా పైరును తినే గొంగళి పెరిగి పెద్దదైన రూపమే. రెక్కలు వచ్చిన తరువాత అది పైరును కొరకదు. జతకట్టి గుడ్లు పెట్టటమే దాని పని.

ఇక్కడ చెప్పుకొనే శలభాలు క్రాంబిడే అనే కుటుంబానికి చెందినవి. ప్రపంచం మొత్తం మీద ఈ కుటుంబంలో సుమారు 10,000 జాతులున్నవి. ఖచ్చితంగా చెప్పాలంటే గడ్డి శలభం అన్న పేరు ఈ కుటుంబంలోని ఒక్క ఉపకుటుంబానికే చెల్లుతుంది. కాని వాడుకలో మొత్తం చుట్టాలందరికీ ఆ పేరు పెట్టటం కద్దు. ఈ చుట్టరికంలో గడ్డి కాడలను తొలిచేవి ఉన్నవి, ఆకులను ముడిచేవి ఉన్నవి, కాయలను తొలిచేవి ఉన్నవి. చేపవలె మొప్పలతో నీటిలో బ్రతికే గొంగళ్లు కూడా ఉన్నవి.

ఈ కుటుంబపు శలభాల చెవులు తలమీద ఉండవు. పొట్ట మొదట్లో, అడుగువైపున, పలుచని పొర గల రెండు చిన్న గదులవలె ఉంటవి. గబ్బిలాలు చేసే, మనిషి చెవికి అందని ధ్వనిని శలభాలు వీటితో విని తప్పించుకొంటవి. పూర్వం క్రాంబిడే, పైరాలిడే కుటుంబాలను కలిపి పైరాలిడే అనేవారు. ఈ చెవి నిర్మాణంలోని భేదాన్ని ఆధారం చేసికొనే శాస్త్రజ్ఞులు వాటిని వేరు చేశారు. కనుక పాత పుస్తకాలలో పైరాలిడే అని ఉన్నది కొత్త పుస్తకాలలో క్రాంబిడే అని కనపడితే కంగారు పడనక్కరలేదు.

పేర్ల చిక్కు ఇంతటితో పోలేదు. వరికాండం తొలిచే పసుపు పురుగును 1863లో ఫ్రాన్సిస్ వాకర్ అనే ఆంగ్ల కీటకశాస్త్రజ్ఞుడు లండనులోని బ్రిటిష్ మ్యూజియం సేకరణ నుంచి వర్ణించి ఇన్సెర్టులాస్ అని పేరు పెట్టాడు. అతడే బైపంక్టిఫెర్ అని పెట్టిన పేరు కూడా ఇదే పురుగుదని తరువాత తేలింది. మన దేశపు శలభాలను వర్ణిస్తూ జార్జి హాంప్సన్ వ్రాసిన నాలుగు సంపుటాలు 1892 నుంచి 1896 వరకు వెలువడినవి. నీలగిరులలో తేయాకు తోటల యజమానిగా ఉన్న రోజులలోనే అతనికి శలభాల మీద ఆసక్తి పెరిగింది. మద్రాసు రాజధానిలో ప్రభుత్వ కీటకశాస్త్రజ్ఞుడుగా పనిచేసిన బైన్‌బ్రిగ్ ఫ్లెచర్ దక్షిణ భారత కీటకాలను గురించి 1914లోను, టి. వి. రామకృష్ణ అయ్యర్ పైరు పురుగులను గురించి 1940లోను గ్రంథాలు ప్రచురించారు. 1950 ప్రాంతపు పుస్తకాలలో ఈ పసుపు పురుగు పేరు షోనోబియస్. ఆ తరువాత కొంతకాలం ట్రైపోరైజా. 1981లో లెవానిచ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ ప్రజాతినంతా తిరిగి పరిశీలించినప్పటి నుంచి దాని పేరు స్కిర్పోఫాగా ఇన్సెర్టులాస్. పేరు ఎన్నిసార్లు మారినా పురుగు అదే, అది చేసే నష్టమూ అదే.

అతినీలలోహిత కాంతి ఎందుకు?

కాంతి తరంగాల పొడవును నానోమీటర్లలో కొలుస్తారు. ఒక మిల్లీమీటరులో పదిలక్షవ వంతు ఒక నానోమీటరు. మనిషి కన్ను సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల వరకు గల కాంతిని చూడగలదు. అంతకంటె పొట్టి తరంగాలు అతినీలలోహిత కిరణాలు. వీటిని మన కంటిలోని కటకమే చాలవరకు లోపలికి పోనివ్వదు. శలభాల కంటి నిర్మాణం వేరు. వాటి కంటిలో ఆకుపచ్చ, నీలం రంగులను పట్టే కణాలతోపాటు సుమారు 350 నానోమీటర్ల వద్ద మిక్కిలి చురుకుగా స్పందించే కణాలు ఉంటవి. అందువల్ల మనకు మందంగా ఊదారంగులో కనపడే దీపం శలభానికి మిరుమిట్లు గొలిపే వెలుగు.

పాదరసపు ఆవిరి దీపం 365 నానోమీటర్ల వద్ద బలమైన అతినీలలోహిత కాంతినిస్తుంది. 1950లో ఇంగ్లండులో రాబిన్సన్ సోదరులు ఇటువంటి దీపాన్ని అమర్చిన శలభాల బోనును గురించి ప్రచురించారు. నేటికీ పెక్కు దేశాలలో ఆ పద్ధతి వాడుకలో ఉన్నది. నల్లని గాజు తొడుగుగల గొట్టపు దీపాలు, ఇటీవలి ఎల్.ఇ.డి. దీపాలు తక్కువ విద్యుత్తుతో ఈ పనే చేస్తవి.

పురుగులు దీపం చుట్టూ ఎందుకు తిరుగుతవన్న ప్రశ్నకు చాలకాలం వరకు తృప్తికరమైన జవాబు లేదు. దీపాన్ని చంద్రుడని భ్రమిస్తవని కొందరు, వేడికి ఆకర్షింపబడతవని కొందరు చెప్పేవారు. 2024లో ప్రచురితమైన ప్రయోగాలలో శామ్యూల్ ఫేబియన్, యశ్ సోంధీ, వారి సహచరులు అతివేగంగా చిత్రాలు తీసే కెమేరాలతో పురుగుల ఎగురుడును పరిశీలించారు. పురుగులు దీపంవైపు సూటిగా పోవటం లేదని, ఎగురుతూ తమ వీపును వెలుగువైపు తిప్పుతున్నవని అందులో తేలింది. రాత్రివేళ కూడా నేలకంటె ఆకాశమే వెలుతురుగా ఉంటుంది. కనుక వీపు వెలుగువైపు ఉంచుకొంటే పురుగు తలక్రిందులు కాక నిలకడగా ఎగరగలదు. కోట్ల సంవత్సరాలుగా ఈ సూత్రం పనిచేసింది. దీపం పక్కనుంటే పురుగు దానివైపు వీపు తిప్పబోయి ఒరిగి, చుట్లు తిరుగుతుంది. దీపం క్రిందనుంటే వెల్లకిలా తిరిగి నేలబడుతుంది. అంటే దీపం శలభాన్ని పిలవటం లేదు, దాని దారి తప్పిస్తున్నది.

ఇందులో నుంచి ఒక ఉపయోగకరమైన సంగతి తేలుతుంది. పాత గొట్టపు దీపాలు, పాదరసపు దీపాలు కొంత అతినీలలోహిత కాంతినిచ్చేవి. వాటి స్థానంలో వచ్చిన తెల్లని ఎల్.ఇ.డి. వీధి దీపాలలో అది ఇంచుమించు ఉండదు. కనుక వీధి దీపం క్రింద పురుగులు తక్కువగా కనపడినంత మాత్రాన పొలంలో పురుగు తగ్గిందని అనుకొనరాదు.

పరిశీలనకు కావలసినవి

దీనికి పెద్ద పరికరాలు అవసరం లేదు. పొలం గట్టున రెండు కర్రలు పాతి, తాడు కట్టి, ఉతికిన తెల్లని పంచెను దానిమీద ఆరవేసినట్లు బిగించాలి. పంచె ముందు అతినీలలోహిత దీపాన్ని వ్రేలాడదీయాలి. తడి గట్లమీద విద్యుత్తు తీగలు లాగటం ప్రమాదం. బ్యాటరీతో వెలిగే దీపమే మంచిది. సుమారు 365 నానోమీటర్ల కాంతినిచ్చే దీపం కావాలి. సూక్ష్మజీవులను చంపటానికి ఆసుపత్రులలోను, నీటి శుద్ధి యంత్రాలలోను వాడే 254 నానోమీటర్ల దీపాలు కంటికి, చర్మానికి హాని చేస్తవి కనుక వాటిని వాడరాదు. ఏ దీపమైనా తదేకంగా దానివైపు చూడరాదు.

పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం, మిల్లీమీటర్ల కొలబద్ద, మూతగల చిన్న గాజు సీసాలు, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు. చేతిలో కెమేరా ఉన్న ఫోను ఉంటే పురుగును పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, రెండు ఫోటోలు తీయాలి. పక్కన కొలబద్ద కూడా ఫోటోలో పడాలి. పైనుంచి తీసిన ఫోటో ఒక్కటే ఉంటే మూతి కనపడదు. మూతి కనపడకపోతే ఈ శలభాలలో సగం వాటిని గుర్తించలేము.

చీకటి పడిన తరువాత తొలిజాములోనే చాలవరకు శలభాలు వస్తవి. అమావాస్యకు అటూ ఇటూ రోజులు మంచివి. పున్నమినాడు వెన్నెల వల్ల దీపానికి వచ్చేవి తగ్గిపోతవి. గాలి, జోరువాన ఉన్న రాత్రులు పనికిరావు.

గుర్తించే క్రమం

కొత్తవారు మొదట రంగు చూస్తారు. అనుభవం గలవారు రంగును చివర చూస్తారు. రంగు పొలుసుల మీద ఉంటుంది; పొలుసులు రాలిపోతే రంగు పోతుంది. రెండు మూడు రోజులు ఎగిరిన శలభం పాతబడిన బట్టవలె వెలిసిపోతుంది. రాలిపోనివి మూడున్నవి: కూర్చునే తీరు, మూతి, పరిమాణం.

కూర్చునే తీరునుబట్టి పంచెమీది శలభాలను మొదటనే రెండు గుంపులుగా చేయవచ్చు. కొన్ని రెక్కలను వీపుమీద ఇంటి కప్పువలె రెండు వైపులా వాల్చుకొని లేక ఒంటికి చుట్టుకొని, పక్కనుంచి చూస్తే ఎండు గడ్డిపుల్లవలె కనపడతవి. కాండం తొలిచేవి, అసలు గడ్డి శలభాలు ఈ గుంపులోవి. మరికొన్ని రెక్కలను బల్లపరుపుగా పరచి త్రికోణంవలె కూర్చుంటవి. ఆకుముడత పురుగు, కాయతొలుచు పురుగు ఈ గుంపులోవి.

తరువాత మూతి చూడాలి. శలభం తలకు ముందు రెండు స్పర్శాంగాలు ఉంటవి. మొదటి గుంపులో ఇవి ముక్కువలె సూటిగా ముందుకు పొడుచుకొని వస్తవి. భూతద్దంలో చూస్తే పురుగుకు చిన్న తొండం మొలిచిందా అనిపిస్తుంది. ఈ ముక్కు లేని గడ్డిరంగు శలభం కాండం తొలిచే క్రాంబిడే జాతి కాదని ఇంచుమించు నిశ్చయించవచ్చు. ఆ తరువాత రెక్కల వెడల్పు కొలిచి, చివరకు చుక్కలు, గీతలు, రంగు చూడాలి.

చేబ్రోలు పొలాలలో ఎదురయ్యేవి

వరికాండం తొలుచు పసుపు పురుగు. ఆడది సుమారు అంగుళం వెడల్పు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి ఉంటుంది. ముందు రెక్కలు నిండు గడ్డిపసుపు రంగు. ఒక్కొక్క రెక్క నడుమ స్పష్టమైన ఒక నల్లచుక్క. పొట్ట చివర పసుపు వన్నె గల వెంట్రుకల కుచ్చు. ఈ మూడు గుర్తులు కలిసి ఉంటే సందేహానికి తావులేదు. మగది చిన్నది, గోధుమ బూడిద వన్నెలో ఉండి, రెక్కమీద మసక చుక్కలు, కొననుంచి ఏటవాలుగా ఒక నీడగీత కలిగి ఉంటుంది. ఆడదానిని చూసినవారు మగదానిని చూసి అది వేరే పురుగనుకొనటం సహజం.

ఆడపురుగు వరి ఆకు కొనల దగ్గర గుడ్లను ముద్దలుగా పెడుతుంది. ఒక్కొక్క ముద్దలో సుమారు 50 నుంచి 80 గుడ్లుంటవి. పొట్టచివరి వెంట్రుకలను రాల్చి గుడ్లమీద కప్పుతుంది. ఆ కుచ్చు ఉన్నది అందుకే. కనుక కుచ్చు నిండుగా ఉన్న ఆడపురుగు దీపానికి వస్తే ఇంకా గుడ్లు పెట్టవలసి ఉన్నదని, కుచ్చు పలుచబడితే కొన్ని ముద్దలు ఇప్పటికే పెట్టి వచ్చిందని ఊహించవచ్చు. వారం రోజులకు అటూ ఇటూగా గుడ్లు పగులుతవి. పిల్లపురుగులు పట్టుదారం వదలి గాలికి వ్రేలాడుతూ పక్క దుబ్బులకు చేరి, ఆకు తొడిమలో దూరి, అక్కడ నుంచి కాండంలోకి పోతవి. పిలకదశలో అయితే మొవ్వు ఎండి, లాగితే చేతిలోకి వస్తుంది. ఈనే దశలో అయితే కంకి గింజ పట్టక తెల్లగా నిలబడుతుంది. అదే తెల్లకంకి. తెల్లకంకి వచ్చిన తరువాత ఏ మందు చల్లినా ఆ కంకి తిరిగి రాదు. 1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబ మసూరి వంటి దీర్ఘకాలపు రకం చేలో ఉండే రోజులలో ఈ పురుగు రెండు మూడు తరాలు గడపగలదు.

తెల్లని కాండం తొలిచే పురుగులు. ఇవి పసుపు పురుగుకు దగ్గరి చుట్టాలు. రెక్కలు పాలవలె తెల్లన. వీటిలో చెరకు చివరిమొవ్వును తొలిచే జాతి ఆడదానికి పొట్టకొనన నారింజరంగు కుచ్చు ఉంటుంది. చెరకు తోటలకు దగ్గరగా దీపం పెడితే ఇది కనపడవచ్చు. వరిచేలో దీనిని చూసి భయపడనక్కరలేదు.

కైలో జాతులు. గడ్డిరంగు లేక లేత గోధుమరంగు. ముక్కు మిక్కిలి పొడవు. ముందు రెక్క చివరి అంచున వరుసగా సన్నని నల్లచుక్కలు. వీటిలో కైలో పార్టెల్లస్ జొన్న, మొక్కజొన్న కాండాన్ని తొలుస్తుంది. మరొక జాతి చెరకులో పీకపురుగు. వరిని ఆశించే జాతులూ ఉన్నవి. ఇవన్నీ ఒకదానినొకటి ఎంతగా పోలి ఉంటవంటే, పొట్టచివరి జననాంగాలను సూక్ష్మదర్శిని క్రింద చూస్తే తప్ప జాతి తేల్చటం సాధ్యం కాదు. ఫోటో చూసి కైలో అని చెప్పి ఊరుకొనటమే నిజాయితీ. చుట్టూ ఉన్న పైరు ఏదో వ్రాసి ఉంచితే మాత్రం ఊహకు బలం చేకూరుతుంది.

ఆకుముడత పురుగు. ముప్పాతిక అంగుళం లోపు. బంగారు పసుపు రెక్కలమీద సన్నని ముదురు అడ్డగీతలు, బయటి అంచున వెడల్పైన ముదురు పట్టీ. రెక్కలు పరచి త్రికోణంగా కూర్చుంటుంది. మగదానికి ముందు రెక్క పై అంచు నడుమ నల్లని వెంట్రుకల కుచ్చు ఉంటుంది. దీని గొంగళి వరి ఆకు అంచులను దారంతో కలిపికుట్టి, ఆ గొట్టంలో దాగి పచ్చదనాన్ని గీకి తింటుంది. ఆకులమీద తెల్లని చారలు చూచి రైతు కలవరపడతాడు. కాని లేత వయసు వరికి కోల్పోయిన ఆకును పూడ్చుకొనే శక్తి చాల ఉన్నది.

గొట్టాలు కట్టుకొనే నీటిపురుగు. తళతళలాడే తెల్లని చిన్న శలభం, రెక్కలపై లేత గోధుమ, నల్లని మచ్చలు. అరంగుళం పైచిలుకు. దీపానికి విరివిగా వస్తుంది. దీని గొంగళి వరి ఆకు కొనను కత్తిరించి, చుట్టగా చుట్టుకొని, ఆ గొట్టంతోసహా నీటిమీద తేలుతుంది. దారపు పోగులవంటి మొప్పలతో ఊపిరి పీలుస్తుంది. దీని శాస్త్రీయ నామంలోని స్టాగ్నాలిస్ అనే మాటకు నిలవనీటిది అని అర్థం. నీరు లేకపోతే ఇది బ్రతకదు. పైరుమీద తాడు లాగి గొట్టాలను నీటిలో పడవేసి, ఆ నీటిని తీసివేస్తే సరిపోతుంది. పురుగు పేరు తెలిస్తే మందు అక్కర లేకుండా పోయే సందర్భానికి ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు.

మరూకా కాయతొలుచు పురుగు. వరి కోతల తరువాత మినుము పూతకు వచ్చే రోజులలో దీపానికి వచ్చే శలభం ఇది. ముందు రెక్కలు గోధుమరంగు, వాటిలో కిటికీలవలె కాంతి దూరే తెల్లని మచ్చలు. వెనుక రెక్కలు ముత్యపు వన్నెలో ఉండి అంచున గోధుమరంగు. రెక్కలను విమానంవలె చాచుకొని, ముందుభాగం ఎత్తి కూర్చుంటుంది. గడ్డి కుటుంబంతో దీనికి సంబంధం లేదు. పూతను, కాయలను గూళ్లుగా అల్లి తింటుంది. ఒకసారి చూసినవారు దీనిని మరల పోల్చుకొనటం తేలిక.

అసలు గడ్డి శలభాలు. యాన్సిలోలోమియా వంటి జాతులు రెక్కలను ఒంటికి చుట్టుకొని పుల్లవలె కూర్చుంటవి. ముందు రెక్కమీద పొడవుగా వెండి, బంగారు వన్నె చారలుంటవి. ముక్కు పొడవే, కాని చుక్క ఉండదు, పసుపు ఉండదు. గట్లమీది గడ్డి వీటి నివాసం. వరిలో అప్పుడప్పుడు కనపడినా పెద్ద నష్టం చేయవు.

పొరబాటు పడే పురుగులు

గులాబీరంగు కాండం తొలుచు పురుగు కూడా గడ్డిరంగు శలభమే. వరిని, మొక్కజొన్నను తొలుస్తుంది. అయినా అది వేరే కుటుంబానికి చెందినది. ఒళ్లు బొద్దుగా, భుజాలు బొచ్చుగా ఉంటవి. ముక్కు ముందుకు పొడుచుకొని రాదు. ధాన్యపు కొట్లకు, బియ్యం మిల్లులకు దగ్గరగా దీపం పెడితే బూడిదరంగు బియ్యపు శలభాలు గుంపులుగా వస్తవి. అవి నిలవ ధాన్యం నుంచి వచ్చినవే కాని పొలం నుంచి వచ్చినవి కావు. కనుక పురుగులను లెక్కపెట్టే దీపాన్ని ఇంటి వసారాలో కాక పొలంలో పెట్టటం మేలు. కాలువల పక్కన మరొక మోసగాడు ఎదురవుతుంది. శలభంవలె కప్పురెక్కలతో కూర్చుంటుంది, మీసాలు మిక్కిలి పొడవు. కాని రెక్కలను వేలితో తాకితే పొడి అంటదు. దాని రెక్కలమీద పొలుసులుండవు, సన్నని నూగు ఉంటుంది. అది శలభమే కాదు, నీటిలో పెరిగే వేరే వర్గపు కీటకం.

లెక్క ఏమి చెబుతుంది?

రోజూ ఒకే చోట, ఒకే దీపంతో, ఒకే వేళకు రెండు గంటలపాటు పరిశీలించి, వచ్చిన పసుపు పురుగులను ఆడ, మగ వేరుచేసి వ్రాయాలి. ఒక్క రాత్రి లెక్కకు విలువ లేదు. సంఖ్య వరుసగా నాలుగైదు రాత్రులు పెరిగి మరల తగ్గితే, ఒక తరం తల్లిపురుగులు బయటికి వచ్చినవని అర్థం. ఆ శిఖరం నుంచి సుమారు వారానికి పిల్లపురుగులు కాండంలోకి పోతవి. లోపలికి పోయిన పురుగుకు పైమందు అందటం కష్టం. రైతుకున్న వ్యవధి ఆ వారమే. 1965లో హైదరాబాదు కేంద్రంగా ప్రారంభమైన అఖిల భారత సమన్వయ వరి పరిశోధనలో దేశమంతటా దీపపు ఎరల లెక్కలు సేకరించటం ఈ కారణం చేతనే.

అయితే దీపం చెప్పింది సూచన మాత్రమే, తీర్పు కాదు. దూరం నుంచి, పొరుగు చేల నుంచి కూడా శలభాలు రావచ్చు. కనుక మరునాడు ఉదయం చేలో దిగి ఆకు కొనలను చూడాలి. చదరపు మీటరుకు ఒక తల్లిపురుగు లేక ఒక గుడ్లముద్ద కనపడితే అప్పుడు నివారణ గురించి ఆలోచించాలన్నది వ్యవసాయ శాస్త్రజ్ఞుల సలహా. గుడ్లముద్దలను కోసి తెచ్చి సీసాలో ఉంచితే కొన్నిటి నుంచి గొంగళ్లకు బదులు ఆవగింజలో పదోవంతైనా లేని నల్లని కందిరీగలు బయటికి వస్తవి. ఇవి పురుగు గుడ్లలోనే తమ గుడ్లు పెట్టే పరాన్నజీవులు, రైతుకు కూలి అడగని కాపలాదారులు. తొందరపడి మందు చల్లితే మొదట చచ్చేవి ఇవే. నారు నాటేటప్పుడు కొసలు తుంచి వేస్తే అక్కడ పెట్టిన గుడ్లముద్దలు నారుతోపాటు చేలోకి పోవు. కోతల తరువాత కొయ్యకాళ్లను దున్ని వేస్తే వాటిలో దాగిన గొంగళ్లు నశిస్తవి.

పురుగును సరిగా గుర్తించటం వల్ల కలిగే మేలుకు వియత్నాం దేశంలోని మెకాంగ్ డెల్టా సాక్ష్యం. అక్కడి రైతులు ఆకుముడతకు భయపడి లేతపైరు మీదనే మందు చల్లేవారు. 1990 తరువాతి దశాబ్దంలో, విత్తిన మొదటి 40 రోజులు ఆకుముడతకు మందు చల్లకుండా చూడమని వారిని ప్రోత్సహించారు. చల్లకపోయినా దిగుబడి తగ్గలేదని రైతులు తామే చూసుకొన్నారు; మందుల వాడకం బాగా తగ్గింది. కృష్ణా డెల్టా వరికీ ఆ సూత్రం వర్తిస్తుంది. దీపానికి త్రికోణపు శలభాలు వచ్చిన రాత్రికి, చుక్కగల పసుపు శలభాలు వచ్చిన రాత్రికి చేయవలసిన పని ఒకటి కాదు.

దీపాన్ని పురుగులను చంపే బోనుగా రాత్రంతా వెలిగించి ఉంచటం మంచిది కాదు. దీపానికి శత్రువులతోపాటు మిత్రులూ వస్తవి. దోమ గుడ్లను తినే మిరిడ్ నల్లులు, వేటాడే పెంకుపురుగులు దాని నీటిగిన్నెలో పడి చస్తవి. రెండు గంటలు చూచి, లెక్క వ్రాసికొని, దీపం ఆర్పి, పంచె దులిపివేయటం చాలు. 1980 తరువాత వాడుకలోకి వచ్చిన లింగాకర్షక బుట్టలు ఒక్క జాతి మగపురుగులనే పట్టుకొంటవి కనుక గుర్తించే శ్రమ ఉండదు. కాని గుడ్లు పెట్టే ఆడపురుగును, దానితోపాటు పొలంలోని ఇతర జాతులను చూపగలది దీపమే.

గుర్తుకు అందని శలభాన్ని సీసాలో భద్రపరచి, తేదీ, ఊరు, చుట్టూ ఉన్న పైరు, దీపం రకం వ్రాసిన కాగితం దానితో ఉంచాలి. 1945లో ఏర్పడిన బాపట్ల వ్యవసాయ కళాశాలలోను, గుంటూరు దగ్గర లాంలోను కీటకశాస్త్రజ్ఞులు ఉన్నారు. కాగితం లేని పురుగు వారికి కూడా మూగదే. ఉన్నత పాఠశాల విద్యార్థులు ఒక్క వానాకాలం ఈ లెక్క క్రమంగా వ్రాస్తే, ఏ వారంలో ఏ శలభం ఎక్కువగా వచ్చిందో తమ ఊరికి చెప్పగలుగుతారు. ఆ నోటుపుస్తకం మరుసటి ఏడు ఊరి రైతులందరికీ పనికివస్తుంది.